జమా ఖర్చు: ముప్పై వేల రూపాయల వెనుక అట్ట

గత దసరా సంచిక అందుకున్న పాఠకుల్లో పది పన్నెండు మంది నన్ను దారిలో ఆపి మరీ అడిగారు. "ఏమండీ, వెనుక అట్ట మీద ఎప్పుడూ ఏదో ఒక వ్యాపార ప్రకటన ఉంటుంది కదా, ఈసారి చిన్నపిల్ల వేసిన బొమ్మ పెట్టారేమిటి?" అని. బొమ్మ బాగుందన్నవారూ ఉన్నారు. అది వేసిన చిన్నది మన ఆదివారం తెలుగు బడిలో రెండో తరగతి. ఆకాశానికి ఆకుపచ్చ రంగు వేసింది గాని, మొత్తం మీద ముచ్చటగానే ఉంది. అయితే ఆ అట్ట ఖరీదు ముప్పై వేల రూపాయలని ఆ పిల్లకూ తెలియదు, అడిగినవారికీ తెలియదు. సంఘానికి కోశాధికారిని కాబట్టి నాకు తెలుసు. శీర్షిక పేరే జమా ఖర్చు కనుక లెక్క అప్పజెప్పవలసినదీ నేనే. ప్రతిసారీ నామినేషన్లనీ, లాకర్లనీ, జామీను సంతకాలనీ రాసే మనిషి ఇవాళ మందుల ప్రకటనల గోలలో పడ్డాడేమని అనుకోకండి.

ఆగస్టులో నా చిన్ననాటి స్నేహితుడొకడు ఇంటికి వచ్చాడు. బరంపురంలో హైస్కూలు చదువు ఇద్దరిదీ ఒకే బెంచీ మీద సాగింది. వాడిది మందుల హోల్‌సేలు వ్యాపారం. మన సంఘం భవనానికి పై అంతస్తు వేసినప్పుడు సిమెంటు ఖర్చులో పెద్ద భాగం వాడే పెట్టుకున్నాడు, శిలాఫలకం మీద పేరు కూడా వద్దన్నాడు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, జరగబోయే కథలో వాడు దుర్మార్గుడేమీ కాడు.

"ఒరే, మీ పత్రిక వెనుక అట్ట నాకిచ్చెయ్. మా కంపెనీవాళ్ళు సంచికకు ముప్పై వేలు ఇస్తామంటున్నారు. ఏడాది పొడుగునా, నాలుగు సంచికలకూ" అన్నాడు.

నాలుగు ముప్పైలు లక్షా ఇరవై వేలు. మన పత్రిక ఒక్కో సంచికకు అచ్చు ఖర్చు, కాగితంతో కలిపి, అరవై రెండు వేలు అవుతున్నది. అంటే సగం బరువు ఒక్క అట్టతో దిగిపోతుంది. నా ముఖం ఎలా వెలిగిందో మా ఆవిడను అడగండి, అప్పటికప్పుడు రెండోసారి కాఫీ పెట్టించాను.

మర్నాడు ప్రకటన నమూనా వచ్చింది. ఉదయం నడకకు వెళ్తున్న ఒక పెద్ద జంట, వెనుక సూర్యోదయం, పెద్ద అక్షరాల్లో షుగరు మాత్ర పేరు. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "వైద్యుని చీటీ మీద మాత్రమే" అని ఉంది. చీమ తలకాయలు చదవడమే ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం. ఎందుకో అనుమానం వచ్చి ఇంట్లో మందుల డబ్బా తీశాను. యాభై దాటిన ఇంట్లో అలాంటి డబ్బా లేనిదెక్కడ? మా ఆవిడ వేసుకునే షుగరు మాత్రల అట్ట మీద పై మూలన "ఆర్ఎక్స్" గుర్తు, దాని పక్కన షెడ్యూల్ హెచ్ మందు అని, రిజిస్టర్డు వైద్యుని చీటీ మీద మాత్రమే చిల్లరగా అమ్మాలని హెచ్చరిక కనిపించాయి. అమ్మడానికే ఇంత నియమం ఉంటే చాటింపు వేయడానికి ఎంత ఉండాలి?

తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళి 1954 నాటి చట్టం తీయించాను. ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అని దాని పేరు. చిన్న చట్టమే గాని చదువుతుంటే కథలా ఉంటుంది. దాని వెనుక 54 జబ్బుల పట్టిక ఒకటి ఉంది. ఫలానా మందుతో వీటిని నయం చేస్తామని, తగ్గిస్తామని, రాకుండా చూస్తామని జనానికి ప్రకటించకూడదు. మధుమేహం, కేన్సరు, గుండె జబ్బులు, రక్తపోటు, కీళ్ళవాతం, పక్షవాతం అందులో ఉన్నాయి. మనిషి పొడవు కూడా ఉంది. మన చిన్నప్పుడు వారపత్రికల వెనుక పేజీల్లో "పొట్టివారికి శుభవార్త" అని వచ్చేవి గుర్తున్నాయా? మా తమ్ముడు ఒకదానికి మనియార్డరు కట్టాడు కూడా. వాడు ఇప్పటికీ ఐదడుగుల రెండంగుళాలే. అప్పటికే చట్టం ఉందన్నమాట.

ప్రకటన అంటే ఏమిటన్నదానికి ఆ చట్టం ఇచ్చిన అర్థం మరీ విశేషం. నోటీసు, కరపత్రం, లేబులు, పొట్లం చుట్టిన కాగితం, నోటితో చాటింపు, వెలుతురుతో గాని శబ్దంతో గాని పొగతో గాని తెలియజేసేది ఏదైనా ప్రకటనే. పొగ దాకా ఆలోచించినవాళ్ళు వెనుక అట్టను వదులుతారా? ఇంకో మాట దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. అలాంటి ప్రకటన ప్రచురణలో "ఏ విధమైన పాలూ పంచుకోరాదు" అని ఉంది. అచ్చు వేయడం కూడా అందులోకే వస్తుంది. డబ్బు పుచ్చుకుని రసీదు రాసే కోశాధికారి మాత్రం ఏ గట్టున నిలబడతాడు?

అది చాలదన్నట్టు, మందుల తయారీ లైసెన్సు షరతుల్లో 2015లో మరొకటి చేరింది. షెడ్యూల్ హెచ్, హెచ్ ఒకటి, ఎక్స్‌లలోని మందులకు కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా ప్రకటన ఇవ్వరాదని. ఆ అనుమతి పత్రం ఉంటే చూపించమని కబురు చేశాను. చూపించలేదు.

మా వాడు రెండు రోజులు ఆలోచించి మళ్ళీ వచ్చాడు. "పోనీ ప్రకటన వద్దులే. మా కంపెనీ తరఫున ఒక డాక్టరు గారు షుగరు గురించి మంచి వ్యాసం రాసిస్తారు. ఆహారం, నడక, పాదాల జాగ్రత్త అన్నీ ఉంటాయి. మాత్ర పేరు రెండే రెండు చోట్ల వస్తుంది. డబ్బు సంఘానికి చందా కింద రాసుకో. ఎవరికీ ఏమీ తెలియదు" అన్నాడు.

ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. అది ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి, మా నాన్నగారి మోకాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

2004లో నేను బరంపురంలోనే, మెడికల్ కాలేజీకి దగ్గరి బ్రాంచిలో పనిచేసేవాణ్ణి. నాన్నగారు ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు. అక్షరం కనబడితే వదిలే మనిషి కాదు, పకోడీలు కట్టిన కాగితాన్ని కూడా విప్పి నూనె మరకల సందుల్లోంచి చదివేవారు. మోకాళ్ళ నొప్పులతో పాటు కాస్త రక్తపోటు కూడా ఉండేది. మేము చూపించుకునే డాక్టరు గారి వరండాలో బల్ల మీద పాత సినిమా పత్రికలతో పాటు ఆయనకు పోస్టులో వచ్చే వైద్య పత్రికలు కూడా పడి ఉండేవి. వాటిలో ఒకదాంట్లో నిండు పేజీ బొమ్మ. ఒక ముసలాయన చేతికర్ర పక్కన పడేసి గుడి మెట్లు ఎక్కుతున్నాడు, కింద మందు పేరు. నాన్నగారు ఆ పేరు బస్సు టిక్కెట్టు వెనుక రాసుకున్నారు. లోపల డాక్టరు గారితో మాట మాత్రం అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు మందుల షాపులో టిక్కెట్టు చూపించారు. షాపువాడు చీటీ అడగలేదు, మందు ఇచ్చాడు. నొప్పి నిజంగానే తగ్గింది, అది చెప్పకపోతే అన్యాయం. మే నుంచి సెప్టెంబరు దాకా రోజుకొకటి వేసుకున్నారు. మాకెవరికీ తెలియదు.

అక్టోబరు మొదటి వారంలో పేపర్లో వార్త వచ్చింది. రోఫెకాక్సిబ్ అనే నొప్పుల మందును, వయాక్స్ పేరుతో అమ్ముతున్న మెర్క్ కంపెనీ సెప్టెంబరు 30న ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఎక్కువ కాలం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతున్నదని తేలిందట. మన ప్రభుత్వం కూడా అదే ఏడాది డిసెంబరులో ఆ మందును నిషేధించింది. రాత్రి భోజనాల దగ్గర నేను ఆ వార్త చెబుతుంటే నాన్నగారు కంచం ముందు నుంచి లేచి వెళ్ళి, తలగడ కింద నుంచి అట్ట తెచ్చారు. "ఇదేనేమో చూడు బాబూ."

అదే. పేరు వేరు, లోపలి మందు అదే.

ఈసీజీ తీయించాం. ఏమీ లేదన్నారు. ఆయన ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికి, వేరే జబ్బుతో పోయారు. కాని ఆ వారం మా అమ్మ రాత్రిళ్ళు లేచి ఆయన ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నాకు కోపం ఆగక, "నాన్నగారూ, ఆ పత్రిక డాక్టర్ల కోసమండీ. పైన రాసే ఉంటుంది" అన్నాను.

"ఉంది, చదివాను. రిజిస్టర్డు వైద్యులు, ఆసుపత్రులు, లేబొరేటరీల వాడకానికి మాత్రమే అని ఉంది. అందుకే నమ్మాను. మనబోటివాళ్ళ కోసం వేసిన ప్రకటనైతే నమ్ముతానా?" అన్నారు.

ఆ వాక్యం ఎవరి సరదాకో వేసింది కాదని నాకు మొన్న వకీలు గారి దగ్గరే తెలిసింది. 1954 చట్టానికి 1955లో రాసిన నిబంధనల్లో ఉంది. మామూలు జనానికి చెప్పకూడని మందుల ప్రకటనను డాక్టరుకు పంపవచ్చు. కాని పేరు పెట్టి, చిరునామా రాసి, పోస్టులో పంపాలి. పైభాగాన చెరగని సిరాతో, కొట్టొచ్చినట్టు కనబడేలా ఆ వాక్యం అచ్చు వేయాలి. చట్టం ఉద్దేశం ఆ కవరు డాక్టరు బల్ల మీదే ఆగాలని. మా డాక్టరు గారి కవరు మాత్రం వరండాలోకి వచ్చి కూర్చుంది. ఆయనకు ఆ సంగతి చెబితే ఎంతో నొచ్చుకున్నారు. ఆ తరువాత బల్ల మీద సినిమా పత్రికలే మిగిలాయి.

మరి ఆ కవరు డాక్టరు దగ్గరే ఆగితే గొడవ లేదా? నాన్నగారు చెప్పిన కారణంతోనే డాక్టర్లూ నమ్ముతారు కదా, తమ పత్రిక అని! అందుచేత వైద్య పత్రికల్లో వచ్చే ప్రకటనలకు విడిగా ఒక నియమావళి కావలసి వచ్చింది. మన దేశంలో కేంద్ర ఫార్మాస్యూటికల్స్ శాఖ 2015 జనవరి నుంచి కంపెనీలు ఇష్టపూర్వకంగా పాటించాలని ఒకటి పెట్టింది. దాన్ని మార్చి 2024 మార్చిలో కొత్తది తెచ్చింది. మెడికల్ కాలేజీలో పనిచేసి రిటైరయిన మన సభ్యులొకరు దాని ప్రతి ఇచ్చారు. శాంక్షన్ లెటరు చదివినట్టు చదివాను.

ప్రభుత్వ అనుమతి రాకముందు మందును ప్రచారం చేయకూడదు. ఏ జబ్బుకు అనుమతి వచ్చిందో ఆ హద్దు దాటి చెప్పకూడదు. "సేఫ్" అన్న మాట ఒంటరిగా వాడకూడదు, ఎవరికి, ఎంతవరకు అన్నది చెప్పాలి. దుష్ఫలితాలు అసలే లేవని ఖండితంగా రాయకూడదు. మన దేశంలో ఏడాదికి మించి వాడుకలో ఉన్న మందును "కొత్త" అనకూడదు. మా వీధి బట్టల కొట్టులో పదకొండేళ్ళుగా "కొత్త స్టాకు" బోర్డు వేలాడుతోంది, దానికి ఈ నియమం వర్తించదనుకోండి. ఇంకో కంపెనీ మందు పేరెత్తి పోల్చాలంటే ఆ కంపెనీ ఒప్పుకోవాలి. మందులో ఏముంది, ఎంత మోతాదు, ఎవరు వాడకూడదు, జాగ్రత్తలేమిటి, ఇవన్నీ ప్రకటనలో ఉండాలి. అమెరికాలో 1962 నాటి చట్టమే ఈ పని చేసింది. అక్కడి వైద్య పత్రికల్లో రంగుల బొమ్మకు జోడీగా చిన్న అక్షరాల సంక్షిప్త వివరం తప్పనిసరి అయింది. పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన మన పాఠకులు చూసే ఉంటారు, చీటీ మందులను అక్కడ టీవీలో మామూలు జనానికి కూడా ప్రకటిస్తారు. దుష్ఫలితాల జాబితాను పరుగు పరుగున చదివేస్తారు. సంపన్న దేశాల్లో ఆ సదుపాయం, సదుపాయమనే అనాలో మరేమనాలో, అమెరికా, న్యూజీలాండులకే ఉంది.

వీటన్నిటిలో నేను రెండుసార్లు గీత గీసుకున్న నియమం ఇది. కంపెనీ డబ్బు ఇచ్చి పత్రికలో వేయించుకున్న ప్రచారం సంపాదకులు వేసే రచనలా కనబడకూడదు. ప్రకటన తన అసలు రూపాన్ని దాచుకోకూడదు.

ఇదేదో చాదస్తం అనుకునేవారికి ఆ రోఫెకాక్సిబ్ కథలో మిగిలిన భాగం చెప్పాలి. 2000 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ మందు మీద పరిశోధన వ్యాసం వచ్చింది. పాత మందుతో పోలిస్తే ఈ మందు వాడినవారిలో గుండెపోట్లు ఎక్కువ కనిపించాయి. అయితే పాత మందే గుండెను కాపాడుతూ ఉండవచ్చునని వ్యాసం సర్దిచెప్పింది. కంపెనీ ఆ వ్యాసం ప్రతులు తొమ్మిది లక్షలకు పైగా కొని పంచిపెట్టింది. ప్రకటన కాదు సుమా, వ్యాసం! అందులో మూడు గుండెపోట్లు లెక్కలోకి రాలేదని 2005 డిసెంబరులో ఆ పత్రిక సంపాదకులే ఆందోళన వెలిబుచ్చుతూ ప్రకటించారు. మూడు పద్దులు లెడ్జరులో ఎక్కకపోతే ఏమవుతుందో నాకు వేరే చెప్పాలా?

అంతకన్నా విచిత్రం ఆస్ట్రేలియాలో బయటపడింది. మందు బాధితులు వేసిన దావా విచారణలో 2009లో ఒక పత్రిక సంగతి తేలింది. పేరు ఆస్ట్రలేషియన్ జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ మెడిసిన్. అట్ట, వ్యాసాలు, సలహా మండలి, అన్నీ వైద్య పత్రికకు ఉండవలసినట్టే ఉన్నాయి. వేసినవారు ఎల్సివియర్ అనే పేరున్న ప్రచురణ సంస్థకు చెందిన విభాగం. డబ్బు ఇచ్చినది మెర్క్. ఆ సంగతి పత్రికలో ఎక్కడా లేదు. వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆ కంపెనీ మందులకు అనుకూలంగా ఉన్నాయి. 2000 నుంచి 2005 వరకు ఇలాంటివి ఆరు పత్రికలు వేశామని ఎల్సివియర్ తరువాత ఒప్పుకుంది. పత్రికలో ప్రకటన కాదు, పత్రికే ప్రకటన!

మా వాడు తెచ్చిన షుగరు వ్యాసం దీని ముందు దోమ. కాని జాతి ఒకటే.

నేనేదో కడిగిన ముత్యాన్నని ఇదంతా రాయడం లేదు. బ్యాంకులో టార్గెట్ల కోసం ఇన్సూరెన్సు పాలసీల కరపత్రాలు నేనూ పంచాను. చేతికి వచ్చే మొత్తం పెద్ద అక్షరాల్లో, షరతులు చీమల బారులో. కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన పెద్దవాళ్ళకు ఆ బారు చదివి వినిపించిన రోజులెన్నో, వినిపించని రోజులెన్నో నాకే తెలుసు.

ఆ 2024 నియమావళికి కూడా కోరలు తక్కువ. తప్పు చేసిన కంపెనీని విచారించేది ఆ కంపెనీల సంఘాల్లోని నీతి సంఘమే. మందలించవచ్చు, సవరణ వేయించవచ్చు, సంఘం నుంచి వెలివేయవచ్చు. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన రెండు నెలల్లో కంపెనీ అధిపతి "మేము పాటించాం" అని తానే రాసివ్వాలి. అప్పు తీసుకున్నవాడే తన ఆస్తికి విలువ కట్టి ఇచ్చినట్టుంది. నేనైతే ఆ కాగితం మీద లోను పాసు చేయను.

కార్యవర్గంలో ఏడుగురం కూర్చున్నాం. అట్ట మీద ప్రకటన కుదరదని అందరూ ఒప్పుకున్నారు, వ్యాసం దగ్గరే చిక్కు వచ్చింది. "షుగరు గురించి నాలుగు మంచి ముక్కలు మనవాళ్ళకు తెలుస్తాయి, డబ్బూ వస్తుంది, ఎవరికి నష్టం?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాట తీసిపారేయలేం. తెలుగు బడి టీచరమ్మకు ఇచ్చే గౌరవ వేతనం ఆ చందాతో ఏడాదంతా నడిచిపోతుంది. నేను ఒక్కటే అడిగాను. మాత్ర పేరు తీసేసి, మనకు పైసా ఇవ్వకుండా, అదే డాక్టరు గారు అదే వ్యాసం రాస్తారేమో కనుక్కుందామా అని. ప్రెసిడెంటు గారు అక్కడి నుంచే మా వాడికి ఫోను చేశారు. వాడు కంపెనీవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. గంట తరువాత జవాబు వచ్చింది, అలా అయితే వ్యాసం అక్కర్లేదట.

అయినా ఓటింగు నాలుగు, మూడుగానే వచ్చింది. ఆ మూడు ఓట్లు వేసినవారి మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ళకు టీచరమ్మ ముఖం కళ్ళముందుంది.

ఫలితం మీ చేతిలోనే ఉంది. అరవై నాలుగు పేజీల పత్రిక ఈ సంక్రాంతికి నలభై ఎనిమిదికి దిగింది. సీరియల్ ఏమైందని ఉత్తరాలు రాయకండి, పేజీలు పెరిగినప్పుడు వస్తుంది. టీచరమ్మకు రెండు నెలలు బాకీ పడ్డాం. మా వాడు కార్తీక వనభోజనాలకు రాలేదు. నాకు ఊహ తెలిశాక వాడు లేని వనభోజనం అదే మొదటిది. పులిహోర దగ్గర అందరూ నన్నే అడిగారు, ఏడీ అని.

పోయిన నెల బ్యాంకుకు వచ్చాడు. టీ తాగాం. పిల్లల సంగతులు, గోపాల్‌పూర్ దారిలో ఎవరో అమ్ముతున్న స్థలం సంగతి మాట్లాడుకున్నాం. ఈ విషయం వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ పత్రిక వార్షిక చందా తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ ఏ డబ్బుకూ రసీదు అడగనివాడు, ఆ రోజు నేను రాసేదాకా నిలబడి రసీదు తీసుకుని వెళ్ళాడు.

ఉగాది సంచిక వెనుక అట్ట ఇంకా ఖాళీగానే ఉంది. పట్టు చీరల వారు, అప్పడాలు, పచ్చళ్ళ వారు ఎవరైనా ముందుకు వస్తే ఆదివారం సాయంత్రాలు సంఘం ఆఫీసులో ఉంటాను. రేటు ఇరవై వేలకు తగ్గించాం.